ఆముదం వాసనేసే ఆకాశం

‘ఆముదం తాగిన మొహం’... ఈ మాట అన్నామంటే ఎదుటివాళ్ల వాలకం ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. ముక్కు మూసి, నోరు తెరిపించి, అమ్మమ్మ చెంచాడు ఆముదం పోసిన రోజుని మన ఇళ్లలో పెద్దవాళ్లెవరూ మర్చిపోరు. ఆ వాసన తగిలితే ఆమడ దూరం పరిగెత్తినవాళ్లే అందరూ. అలాంటిది, ఆ వాసన పీల్చడానికి టిక్కెట్టు కొనుక్కుని, మడత కుర్చీలు మోసుకుంటూ వచ్చి, గంటలకు గంటలు పచ్చికలో ఎదురుచూసేవాళ్లున్నారంటే నమ్ముతారా?

ఉన్నారు. ఇంగ్లండ్‌లో. లండన్‌కి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బెడ్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా. అందులో ఓల్డ్ వార్డెన్ అనే చిన్న పల్లె. ఆ పల్లె పక్కన ఒక విమానాల మైదానం. శంషాబాద్ లాంటి విమానాశ్రయాన్ని ఊహించుకుంటే పొరపాటే. తారు రన్‌వే కూడా ఉండదు. ఒత్తుగా పెరిగి, నున్నగా కత్తిరించిన గడ్డి. దాని అంచున వరసగా షెడ్లు. వాటిలో నూరేళ్లు దాటిన విమానాలు. బొమ్మలు కావు సుమా! తాత ముత్తాతల కాలం నాటి ఈ విమానాలు ఇప్పటికీ ఎగురుతాయి. అక్కడ నిలబడి గాలి పీలిస్తే పెట్రోలు పొగతో కలిసి మనకు బాగా తెలిసిన వాసనొకటి వస్తుంది. ఆముదం కాలుతున్న వాసన!

గాలి ఆగితేనే...

ఏటా వేసవి నెలల్లో కొన్ని రోజులు ఇక్కడ విమానాల ప్రదర్శన ఉంటుంది. ఆ రోజు చూడాలి సందడి. చేతిలో చిన్న నోటుపుస్తకం, మెడలో బైనాక్యులర్, మోచేతి పొడవు లెన్సున్న కెమెరా... వీళ్లు ఒక రకం. విమానం తోక మీదున్న నంబరు చూడగానే అది ఎప్పుడు పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ కూలి మళ్లీ ఎలా లేచింది... మొత్తం జాతకం చెప్పేస్తారు. ఫ్లాస్కులో టీ, డబ్బాలో శాండ్‌విచ్‌లు, కాళ్లకు అడ్డం పడే మనవలతో వచ్చిన తాతయ్యలు మరో రకం. ఇంజిన్ల సంగతి పట్టకపోయినా పక్కనే ఉన్న స్విస్ గార్డెన్ చూద్దామని వచ్చి, తీరా మొదటి విమానం లేచేసరికి నోరెళ్లబెట్టి నిలబడిపోయేవాళ్లు ఇంకో రకం.

ముందు షెడ్లలో తిరగొచ్చు. రెక్క విప్పి బల్లమీద పెట్టి పనిచేస్తున్న మెకానిక్కుల్ని దగ్గర్నుంచి చూడొచ్చు. ఆ తర్వాత ఒక్కొక్కటే విమానాలు ఎగురుతాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్, హరికేన్‌లు గర్జిస్తూ పైనుంచి దూసుకుపోతాయి. జనం చప్పట్లు కొడతారు. కానీ అసలు భక్తులు ఎదురుచూసేది వాటికోసం కాదు. అన్నిటికంటే చివర, పొద్దుగూకే వేళకి వచ్చే ముసలివాళ్ల కోసం. వాటిని అక్కడ ముద్దుగా ‘ఎడ్వర్డియన్లు’ అంటారు. ఏడో ఎడ్వర్డ్ రాజు కాలానికి, దాని తర్వాతి నాలుగైదేళ్లకు చెందినవన్నమాట.

కర్ర, గుడ్డ, తీగలతో అల్లిన ఆ విమానాలు గాలిపటాలకు పెద్దన్నల్లా ఉంటాయి. ఏమాత్రం ఎదురుగాలి వీచినా తట్టుకోలేవు. అందుకే సాయంత్రం అందరి కళ్లూ మైదానంలో స్తంభానికి కట్టిన గాలిసంచి మీదే. అది ఉబ్బి ఊగుతోందంటే ఇవాళ్టికి అంతే సంగతులు. కొంగులా వాలిపోయిందా... పండగే! ఇంగ్లండ్‌లో జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటాకగానీ పొద్దుగూకదు. అప్పటిదాకా కూర్చుని, చివరికి గాలి ఆగకపోతే, ‘సర్లే, మళ్లీ వద్దాం’ అంటూ కుర్చీలు మడుచుకుని వెళ్లిపోతారు. విసుగు, కోపం... అలాంటివేం ఉండవు. ఆ ముసలి విమానాన్ని మొండికేసి లేపితే ఏమవుతుందో వాళ్లందరికీ తెలుసు మరి.

అమ్మమ్మ మందు ఆకాశంలోకెలా వెళ్లింది?

ఇంతకీ విమానానికీ ఆముదానికీ లంకె ఏమిటంటారా? అక్కడికే వస్తున్నాం.

మన మోటారుసైకిల్ ఇంజిన్లో సిలిండరు కదలకుండా ఉంటుంది, లోపలి ఇరుసు తిరుగుతుంది. తొలినాళ్ల విమానాల్లో చాలావాటికి దీనికి పూర్తిగా తలకిందుల ఏర్పాటు. ఇరుసుని విమానానికి కదలకుండా బిగించేసి, సిలిండర్లన్నిటినీ ముందున్న పంకాతోపాటు గిర్రున తిప్పేవారు. దాన్నే రోటరీ ఇంజిన్ అన్నారు. ఎందుకలా? సిలిండర్లు అలా తిరుగుతుంటే గాలి తగిలి వాటంతటవే చల్లబడతాయి. నీళ్ల ట్యాంకు, రేడియేటరు బరువు అక్కర్లేదు. బరువు తగ్గితేనే కదా పైకి లేచేది!

కానీ ఒక చిక్కు. ఈ ఇంజిన్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలి గది గుండానే సిలిండర్లలోకి వెళ్లాలి. మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం అలా కాదు. పెట్రోలులో అంత తేలిగ్గా కలవదు, ఎంత వేడెక్కినా లోహాన్ని జిడ్డుగా పట్టుకునే ఉంటుంది. అందుకే ఆనాటి ఇంజినీర్లు ఏరికోరి దాన్నే ఎంచుకున్నారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని మన సామెత. ఆకాశంలో అది అక్షరాలా నిజమైంది.

పోసిన ఆముదం పోసినట్టే ఖర్చయిపోయేది. తిరుగుతున్న ఇంజిను దాన్ని సన్నటి తుంపరగా విసిరికొడుతుంటే వెనక కూర్చున్న పైలట్ మొహం, కళ్లద్దాలు, కోటు అంతా జిడ్డు. కొంత నోట్లోకీ, ముక్కులోకీ. ఇక ఆ పైన ఏమవుతుందో మన అమ్మమ్మల్ని అడిగితే చెబుతారు! మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్లకు శత్రువుల తూటాలతోపాటు కడుపుతో వచ్చే తిప్పలూ తప్పలేదని కథలు కథలుగా చెప్పుకుంటారు.

ఆ యుద్ధం రోజుల్లో ఆముదానికి ఎక్కడలేని గిరాకీ. గింజల కోసం ప్రపంచం చూసింది మన దేశం వైపే. మన నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే పంట పుణ్యమా అని విమానాలు ఎగిరిన కాలం అది. అన్నట్టు, బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు షాపులో కనిపించే ‘క్యాస్ట్రాల్’ పేరు కూడా ఆముదం నుంచి వచ్చిందే. ఆముదాన్ని ఆంగ్లంలో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా. కార్లు, విమానాల ఇంజిన్ల కోసం అందులో ఆముదం కలిపేవారు కాబట్టి ఆ పేరు.

ఈ ఇంజిన్లకు మన బండికున్నట్టు చక్కగా పనిచేసే యాక్సిలరేటరు లేదు. దిగేటప్పుడు వేగం తగ్గించాలంటే కర్ర మీదున్న మీట నొక్కి కాసేపు నిప్పురవ్వ ఆపడం, మళ్లీ వదలడం. అందుకే దిగుతున్న పాత విమానం ‘బర్ర్... బర్ర్...’ మని ఆగి ఆగి దగ్గుతుంటుంది. ఆ దగ్గు వినడానికే మైళ్లకు మైళ్లు కారు నడుపుకుంటూ వస్తారు జనం.

ఒక కొడుకు... ఒక తల్లి

ఈ మైదానం వెనక ఒక కుర్రాడి కథ ఉంది. పేరు రిచర్డ్ షటిల్‌వర్త్. 1909లో కలవారింట్లో పుట్టాడు. తండ్రి ఆస్తి కలిసొచ్చింది. కార్లంటే పిచ్చి, వేగమంటే పిచ్చి. 1935లో డోనింగ్టన్ గ్రాండ్ ప్రీ కార్ల పందెం గెలిచాడు. అతనిలో ఇంకో పిచ్చి కూడా ఉంది. అందరూ కొత్తవాటి వెంట పడుతుంటే ఇతను తుక్కు కింద పడేసిన పాత కార్లు, పాత విమానాల వెంట పడ్డాడు. వాటిని ఇంటికి తెచ్చి, తన మెకానిక్కుల్ని కూర్చోబెట్టుకుని, మళ్లీ నడిచేలా చేసేవాడు.

అతను తెచ్చిన వాటిలో బ్లాక్‌బర్న్ అనే ఒంటిరెక్క విమానం ఒకటి. 1912లో తయారై, మొదటి ప్రపంచయుద్ధానికల్లా మూలపడింది. 1930ల్లో రిచర్డ్ కంట పడేసరికి అది ఎక్కడుందో తెలుసా? గడ్డివాము కింద! ముక్కల్ని ఏరుకొచ్చి మరమ్మతు మొదలుపెట్టారు. అది మళ్లీ ఎగిరింది 1947లో. ఇప్పటికీ ఎగరగల బ్రిటిష్ విమానాలన్నిటిలోకీ పెద్దముత్తైదువ అదే. దాని పక్కనే ఉండే ఫ్రెంచి బ్లేరియో అయితే ఇంకా పెద్దది. 1909 నాటిది. రిచర్డ్‌తో ఒకే ఏడాది పుట్టిందన్నమాట. దాన్ని ఇప్పుడు మైదానం మీద ఈ చివర నుంచి ఆ చివరకు చిన్న గెంతులా మాత్రమే లేపుతారు. అంతకుమించి శ్రమ పెట్టరు.

1933లో రిచర్డ్ మన దేశానికీ వచ్చాడు. ఢిల్లీలో జరిగిన వైస్రాయ్ కప్ విమాన పందెంలో పాల్గొనడానికి కాంపర్ స్విఫ్ట్ అనే బుల్లి విమానాన్ని నడుపుకుంటూ అంత దూరం ఎగిరొచ్చాడు. సరిగ్గా ఒక్క మనిషి పట్టే విమానం. ఇప్పుడు ఓల్డ్ వార్డెన్‌లో కనిపించే ఎర్రటి స్విఫ్ట్ కూడా ఒకప్పుడు మన దేశంలో రిజిస్టరై, అదే పందెంలో పోటీపడ్డదే.

అయితే ఈ కథ సుఖాంతం కాదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. రిచర్డ్ వైమానిక దళంలో చేరాడు. 1940 ఆగస్టు 2న రాత్రి శిక్షణలో అతని విమానం కూలిపోయింది. అప్పటికి అతని వయసు 31.

ఒక్కగానొక్క కొడుకు. అతన్ని పొట్టన పెట్టుకున్నది విమానమే. అలాంటి తల్లి ఏం చేస్తుంది? షెడ్లకు తాళం వేసి, అందులో ఉన్నవన్నీ తుక్కు కింద అమ్మేసినా ఎవరూ తప్పుపట్టరు. డొరొతీ షటిల్‌వర్త్ అలా చేయలేదు. 1944లో కొడుకు పేరు మీద ఒక ట్రస్టు పెట్టి ఎస్టేటంతా దానికి రాసిచ్చింది. కొడుకు తెచ్చుకున్న విమానాల్ని కాపాడమంది. 1963 నుంచి జనాన్ని చూడనిస్తున్నారు. రిచర్డ్ 1932లో కొనుక్కున్న ‘మాత్’ విమానం ఇప్పటికీ ఆ మైదానాన్నే అంటిపెట్టుకుని ఉంది.

మన గడప తొక్కినవీ ఉన్నాయ్!

ఆ షెడ్లలో తిరుగుతుంటే మనవాళ్లకి ‘అరే!’ అనిపించే సంగతులు చాలానే తగులుతాయి.

పెట్టె ఆకారంలో ఉండే బ్రిస్టల్ బాక్స్‌కైట్ ఒకటుంది అక్కడ. 1965లో వచ్చిన ఒక హాస్య చిత్రం కోసం పాతదానికి అచ్చు గుద్దినట్టు కట్టిన నకలది. దాని అసలు అన్నదమ్ముల్ని 1910 చివర్లో ఓడల మీద మన దేశానికి తెచ్చారు. 1911 జనవరిలో కలకత్తాలో ఎగిరింది. అదే నెలలో దక్కన్‌లో ఆశ్విక దళం విన్యాసాలు జరుగుతుంటే ఔరంగాబాద్ మీదా ఎగిరింది. అప్పట్లో ఔరంగాబాద్ అంటే నిజాం రాజ్యమే. రైట్ సోదరులు ఎగిరిన ఏడేళ్లకే మన దక్కన్ ఆకాశంలో విమానం తిరిగిందన్నమాట!

ఎర్రగా, సన్నగా, చేపలా మెరిసే డీహెచ్-88 కామెట్‌ది ఇంకో కథ. 1934 అక్టోబరు 20న ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కి విమానాల పందెం పెట్టారు. పాల్గొన్న ప్రతి విమానమూ దారిలో ఐదు చోట్ల తప్పనిసరిగా దిగాలి. అందులో ఒకటి మన అలహాబాద్. ఇద్దరు పైలట్లతో వెళ్లిన ఈ కామెట్ 71 గంటల్లోపే మెల్‌బోర్న్ చేరి పందెం గెలిచింది. ఓడలో వారాలకు వారాలు పట్టే ప్రయాణం అది. తర్వాత యుద్ధం రోజుల్లో ఎవరికీ పట్టక టార్పాలిన్ కింద పడి ఉంది. ఏళ్లకు ఏళ్లు బాగుచేస్తే 1987లో ఎగిరింది. మళ్లీ మూలపడితే మళ్లీ బాగుచేశారు. 2014లో మళ్లీ లేచింది. పట్టుదల అంటే అదీ.

హాకర్ హైండ్ అనే రెండు రెక్కల బాంబరైతే అఫ్గానిస్థాన్ నుంచి లారీ ఎక్కి వచ్చింది. కాబూల్‌లో మూలపడి ఉన్నదాన్ని 1970లో వేల కిలోమీటర్లు రోడ్డు మీద మోసుకొచ్చుకున్నారు.

మన హైదరాబాద్ పేరున్న విమానం కావాలంటే మాత్రం లండన్‌లోని హెండన్‌కి వెళ్లాలి. అదీ ఒకనాటి విమాన మైదానమే. ఇప్పుడక్కడ బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియం ఉంది. అందులో డీహెచ్-9ఎ అనే బాంబరుంది. 1918లో ఏడో నిజాం డబ్బిచ్చి ఒక స్క్వాడ్రన్‌కి సరిపడా ఇలాంటి విమానాల్ని బ్రిటన్‌కి బహూకరించారు. ఆ దళం పేరే 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మ్యూజియంలో ఉన్నది అందులోదే. యుద్ధంలో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ చేరి, అక్కణ్నుంచి పోలండ్‌కి వెళ్లి, చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ని బదులిచ్చి తెచ్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలోనూ హైదరాబాద్ పేరుతో దళాలున్నాయి. 1940లో లండన్ మీద జర్మనీ విరుచుకుపడ్డప్పుడు 152వ దళం స్పిట్‌ఫైర్లతో, 253వ దళం హరికేన్లతో పోరాడాయి. నిజాం సొమ్మంటే ఎవరి సొమ్ము? చెలకల్లో ఆముదాలు, జొన్నలు పండించి శిస్తు కట్టిన రైతు సొమ్మే కదా! ఆ లెక్కన ఆ విమానంలో మన వాటా కూడా ఉన్నట్టే.

చెయ్యి తిరిగిన చేతులు

సరే, పాత విమానాన్ని వెతికి తెచ్చారు. దాన్ని ఎగిరించేదెవరు? అసలు చిక్కంతా ఇక్కడే.

రెక్క మీద గుడ్డ కప్పాలంటే దర్జీ పని తెలియాలి. లోపలి చెక్క ఆకులకు ఆ గుడ్డని ఎడంఎడంగా కుట్టి, ప్రతి కుట్టుకీ జారిపోని ముడి వేయాలి. దాని మీద వార్నిష్ లాంటి ద్రావకాన్ని పూతలు పూతలుగా పట్టిస్తే అది ఎండి, మద్దెల చర్మంలా బిగుసుకుంటుంది. చట్రం చేయాలంటే వడ్రంగి పని తెలియాలి. పాత ఇంజిన్ల విడిభాగాలు ఏ షాపులోనూ దొరకవు. కొత్తగా తయారు చేసుకోవాలి. ఇవన్నీ పుస్తకం చదివితే కొంతే వస్తాయి. మిగతాది పక్కన నిలబడి, పెద్దాయన చెయ్యి ఎలా కదులుతోందో చూసి నేర్చుకోవాల్సిందే. మన దగ్గర వీణలు చేసే బొబ్బిలివాళ్లో, కొండపల్లి బొమ్మలవాళ్లో నేర్చుకున్నట్టు.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ‘నార్తర్న్ ఏరోప్లేన్ వర్క్‌షాప్స్’ అని ఒక బృందం ఉండేది. జీతాలు లేవు, లాభాలు లేవు. తీరిక వేళల్లో కలిసి విమానాలు కట్టడమే పని. ఆనాటి నమూనాల ప్రకారం, ఆనాటి పద్ధతిలోనే. మూడు రెక్కల సాప్‌విత్ ట్రైప్లేన్‌ని వాళ్లు కడుతున్న తీరు చూసి, దాన్ని 1916లో తయారు చేసిన కంపెనీ యజమాని సర్ థామస్ సాప్‌విత్ ముచ్చటపడ్డాడు. నూరేళ్లకు చేరువవుతున్న పెద్దాయన. ‘ఇది నకలు కాదు, మా ఫ్యాక్టరీ నుంచి కాస్త ఆలస్యంగా వచ్చిన అసలుదే’ అన్న అర్థంలో ఆమోదముద్ర వేశాడు. ఆ బృందమే 1990ల్లో సాప్‌విత్ క్యామెల్ మొదలుపెట్టింది. అది ఓల్డ్ వార్డెన్‌లో గాల్లోకి లేచింది 2017లో. రెండు దశాబ్దాల పైమాటే! పని మొదలుపెట్టినప్పుడు ఊళ్లో బడికెళ్తున్న పిల్లలు, అది ఎగిరేనాటికి తమ పిల్లల్ని బడికి పంపే వయసుకొచ్చి ఉంటారు.

ఎగరాలా? అద్దాల్లో ఉండాలా?

‘అంత కష్టపడి బతికించినదాన్ని మళ్లీ గాల్లోకి ఎందుకు లేపడం? కూలిపోతే? చక్కగా అద్దాల గదిలో పెట్టొచ్చుగా!’... ఈ ప్రశ్న మీకొచ్చిందా? అక్కడివాళ్లకీ ఎప్పట్నుంచో ఉంది. కొట్టిపారేసే ప్రశ్న కూడా కాదు.

చెక్కతో చేసిన మస్కిటో అనే యుద్ధ విమానం ఒకటి, బ్రిటన్‌లో ఎగిరేది అదొక్కటే మిగిలితే, 1996 జులై 21న మాంచెస్టర్ దగ్గర బార్టన్ ప్రదర్శనలో కూలిపోయింది. అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. అంతకంటే ఘోరం 2015 ఆగస్టు 22న షోరమ్‌లో జరిగింది. విన్యాసం చేస్తున్న హాకర్ హంటర్ జెట్ పక్కనున్న రోడ్డు మీద పడింది. 11 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు చనిపోయింది ప్రదర్శన మైదానంలో కాదు, దాని బయట. ఆ తర్వాత బ్రిటన్‌లో ప్రదర్శనల నిబంధనలు బాగా బిగించారు. బిగించాల్సిందే. ఎవరి ముచ్చటైనా దారినపోయేవాళ్ల ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

మరి అద్దాల గదే మేలా? దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అదే ఏడాది జరిగిన వల్కన్ కథ వినండి.

అణుబాంబులు మోయడానికి బ్రిటన్ తయారు చేసుకున్న భారీ జెట్ వల్కన్. గబ్బిలం రెక్కల్లాంటి త్రికోణాకారం. అదృష్టం బాగుండి అణుబాంబు ఎప్పుడూ వేయాల్సిన అవసరం రాలేదు. ఎక్స్‌హెచ్-558 నంబరున్న చివరి వల్కన్ 1993లో రిటైరై, బ్రంటింగ్‌థోర్ప్ అనే మైదానానికి చేరింది. అభిమానులు ఊరుకోలేదు. విరాళాలు పోగేశారు. లాటరీ నిధి నుంచి గ్రాంటు తెచ్చారు. 2007 అక్టోబరు 18న దాన్ని మళ్లీ ఎగిరించారు! ఎనిమిదేళ్ల పాటు అది ఎక్కడ ఎగిరితే అక్కడికి జనం తిరునాళ్లలా వచ్చారు. 2015 అక్టోబరు 28న అది చివరిసారి దిగింది. కూలిపోయి కాదు. డబ్బుల్లేకా కాదు. దాని భద్రతకు సాంకేతికంగా పూచీపడే కంపెనీలు ఇక మావల్ల కాదన్నాయి. ఆ విమానం గుట్టుమట్లు తెలిసిన చేతులు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే ఎవరు మాత్రం సంతకం పెడతారు?

అదీ సంగతి. విమానం ఉంది. రెక్కలున్నాయి. ఇంజిన్లున్నాయి. తెలిసిన మనిషే తక్కువయ్యాడు.

యంత్రాన్ని ఎగిరించినంత కాలం దాన్ని బాగుచేసేవాడి అవసరం ఉంటుంది. అవసరం ఉన్నంత కాలం ఎవరో ఒకరు నేర్పుతారు, ఎవరో ఒకరు నేర్చుకుంటారు. అద్దాల్లో పెట్టామా... బొమ్మ మిగులుతుంది, విద్య పోతుంది. ఓల్డ్ వార్డెన్‌వాళ్లు బ్లేరియోని చిన్న గెంతుకే పరిమితం చేసి, గాలి ఆగకపోతే షెడ్డు తలుపు కూడా తీయకుండా, ఎగిరించడానికీ దాచడానికీ మధ్య ఉన్న సన్నటి గట్టు మీద జాగ్రత్తగా నడుస్తున్నది అందుకే.

మన సంగతి చూడండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన బేగంపేటలో కుర్రాళ్లు విమానం నడపడం నేర్చుకున్నది టైగర్‌మాత్‌ల మీదే. అదీ బ్రిటిష్ విమానమే, రెండు రెక్కలది. మన వైమానిక దళం ఒక పాత టైగర్‌మాత్‌ని మళ్లీ ఎగిరించాలనుకుని దాన్ని బ్రిటన్‌లో బాగుచేయించింది. 2012 అక్టోబరులో, వైమానిక దళానికి 80 ఏళ్లు నిండిన రోజున, ఢిల్లీ పక్కన హిండన్‌లో అది ఎగిరితే చూసినవాళ్లంతా మురిసిపోయారు. విమానం మనది. దాన్ని బతికించే విద్య కోసం మాత్రం సముద్రాలు దాటాల్సొచ్చింది.

విమానాల దాకా ఎందుకు? మన అటక మీద తాతగారి వాల్వు రేడియో, అమ్మ కుట్టుమిషను, నాన్న చేతక్ స్కూటరు... ఎన్ని లేవు! అవి పాడైతే బాగుచేసే మనిషి ఊళ్లో ఎక్కడున్నాడో చెప్పగలరా? ఒకప్పుడు వీధి మలుపులో కూర్చునేవాడు. అతని కొడుకు ఆ పనిలోకి రాలేదు. మనమూ ఆ వైపు పోలేదు.

తలుపు తీస్తున్నారు...

సాయంత్రం గడిచింది. ఓల్డ్ వార్డెన్‌లో గాలిసంచి స్తంభాన్ని అంటుకుని వేలాడుతోందనుకోండి. షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. నలుగురైదుగురు కలిసి బ్లాక్‌బర్న్‌ని చంటిపిల్లని ఎత్తుకొచ్చినంత పదిలంగా గడ్డి మీదికి తోసుకొస్తారు. ఒకరు పంకాని చేత్తో తిప్పుతారు. ఒకసారి... రెండుసార్లు... తుమ్మినట్టు చప్పుడు. నీలిపొగ. ఇంజిను అందుకుంటుంది. వేల మంది ఉన్న మైదానంలో మాటా పలుకూ ఉండదు. 1912 నాటి కర్రా గుడ్డా గడ్డి మీద పరుగెత్తి, చెట్ల చిటారుకొమ్మలు దాటి, పడమటి వెలుగులోకి వెళుతుంది. దాని రెక్క గుడ్డలోంచి ఆకాశం కనిపిస్తుంది. కాసేపటికి పొగ నేల మీదికి దిగి ముక్కుకి తగులుతుంది.

ఆముదం!

ఒక తల్లి తాళం వేయని షెడ్డు లోంచి వచ్చిన వాసన అది.

అందుకని, ఈసారి కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో లండన్ వెళ్లినప్పుడు టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు చూసేశాక ఒక సాయంత్రం అటు తీసుకెళ్లమనండి. మనవడు ముక్కు మూసుకుంటూ ‘ఏం వాసన నానమ్మా ఇది?’ అనడుగుతాడు. చెప్పడానికి మీ దగ్గర అక్కడి మెకానిక్కుల కన్నా ఎక్కువ కథలే ఉంటాయి. తిరిగొచ్చాక ఒకసారి అటక కూడా ఎక్కి చూడండి. కుట్టుమిషను తిరక్కపోతే, మూలనున్న సీసాలోంచి నాలుగు చుక్కల నూనె వేసి, చక్రం మనవడి చేతే తిప్పించండి.